బాగు చేయించుకునే హక్కుకు చట్టబద్ధత కావాలి

గౌరవనీయులైన సంపాదకులకు,

నమస్కారం. ఇంట్లోని వస్తువు చెడిపోతే పారేయకుండా బాగు చేయించుకుని వాడుకునే కుటుంబాలకు రోజురోజుకూ ఎదురవుతున్న ఇబ్బందిని మీ పత్రిక ద్వారా ప్రభుత్వం దృష్టికి తీసుకురావాలని ఈ లేఖ రాస్తున్నాను. విడిభాగం అమ్మకుండా మొత్తం సామానునే మార్చుకొమ్మనే పద్ధతి వంటింటి మిక్సీ నుంచి వాకిట్లోని కారు దాకా పాకింది. దీన్ని అడ్డుకోవలసిన చట్టం మన దేశంలో ఇంకా రాలేదు.

నేను, మా వారు ఇద్దరం ఉపాధ్యాయులుగా పనిచేసి విశ్రాంతి తీసుకుంటున్నవాళ్లం; హనుమకొండలో ఉంటాం. జొన్నరొట్టె, పచ్చిపులుసు, ఏదో ఒక తొక్కు మా ఇంటి నిత్యభోజనం. ఎండుమిర్చి పంట మార్కెట్‌కు వచ్చే రోజుల్లోనే ఏడాదికి సరిపడా కొని, ఎండబెట్టి, గిర్నిలో పట్టించుకుంటాం. సర్వపిండి చేసే గంజుకు చెవి ఊడితే రివెట్లు కొట్టించుకుని వాడుతున్నాం. మా పిల్లల చదువులు అప్పుల్లేకుండా పూర్తయ్యాయంటే అందుకు మా జీతాలతో పాటు ఈ పద్ధతి కూడా కారణమని నేను గట్టిగా నమ్ముతాను. దీన్ని పిసినారితనం అనేవాళ్లున్నారు. వండుకున్నది వృథా చేయకుండా తినడం, కొన్న వస్తువును దాని ఆయుష్షు తీరేదాకా వాడడం పిసినారితనం ఎలా అవుతుందో నాకు అర్థం కాదు.

అయితే పొదుపు చేయాలన్న మనసు ఒక్కటే ఉంటే చాలదు, బజారులో విడిభాగం కూడా దొరకాలి. కుక్కర్ విషయంలో ఇది బాగానే సాగుతోంది: గాస్కెట్, సేఫ్టీ వాల్వు, విజిల్ ఏ పాత్రల దుకాణంలో అడిగినా ఇస్తారు, కాబట్టి కుక్కర్లు ఏళ్ల తరబడి నిలుస్తున్నాయి. మిక్సీకి ఆ భాగ్యం లేదు. మోటారుకు, జారుకు మధ్య ఉండే కప్లర్ అరిగేదే, విరిగేదే. కొన్నేళ్ల కిందటి మోడల్‌కు అది కావాలంటే ‘ఇప్పుడు రావడం లేదమ్మా’ అంటారు. మోటారు నిక్షేపంగా ఉన్నా మిక్సీ అటక ఎక్కాల్సిందే. వాషింగ్ మెషిన్లలో ఎలక్ట్రానిక్ బోర్డును చెమ్మ తగలకుండా జిగురులాంటి పదార్థంతో పూర్తిగా మూసి ఇస్తున్నారు. చెమ్మ నుంచి కాపాడడం మంచిదే కానీ, లోపల స్విచ్‌లా పనిచేసే ఒక చిన్న రిలే పోయినా దాన్ని విప్పి మార్చే వీలు మెకానిక్‌కు ఉండదు. వేల రూపాయలు పెట్టి బోర్డు మొత్తం కొనాలి, లేదా కొత్త మెషిన్ కొనాలి.

కారు దగ్గరికి వస్తే ఈ భారం మరింత పెద్దది. మా కారు పాతదే కానీ మంచి స్థితిలో ఉంది. గత వానాకాలంలో డ్యాష్‌బోర్డు మీద బ్యాటరీ గుర్తు వెలగడంతో ఒక సర్వీస్ సెంటర్‌కు తీసుకువెళ్తే, బ్యాటరీని ఛార్జ్ చేసే డైనమో (ఆల్టర్నేటర్) మొత్తం మార్చాలని పెద్ద అంచనా రాసి ఇచ్చారు. మా వారు ఒప్పుకోకుండా వరంగల్ ఆటోనగర్‌లో ఒక ఆటో ఎలక్ట్రీషియన్‌కు చూపించారు. ఆయన బెల్టు వదులు చేసి, డైనమోను దించి, వెనక మూత విప్పి లోపలి కార్బన్ బ్రష్షులను అరచేతిలో పెట్టి చూపించాడు. అవి అరిగి అరిగి గోరంత మిగిలాయి. వాటి స్థానంలో కొత్తవి వేసి, అవి ఒరుసుకునే రాగి రింగులను సన్నని ఎమరీ కాగితంతో మెరిసేలా రుద్ది, బేరింగ్ కూడా చప్పుడు చేస్తోందని దాన్నీ మార్చి, బండి స్టార్ట్ చేసి బ్యాటరీ మీద మీటరు పెడితే 14 వోల్టులు చూపించింది, అంటే ఛార్జింగ్ సరిగ్గా అవుతోందన్నమాట. సర్వీస్ సెంటర్ చెప్పిన మొత్తంలో పదో వంతు కూడా ఖర్చు కాలేదు. ఆ పని తెలిసినవాడు, ఆ బ్రష్షులు రెండూ బజారులో ఉన్నాయి కాబట్టే ఇది సాధ్యమైంది. ప్రతిసారీ అలా జరగదు. వానలకు రోడ్లు గుంతలు పడితే ముందుగా దెబ్బతినేవి కుదుపులను తట్టుకునే సస్పెన్షన్‌లోని బుష్షులు. చాలా కార్లకు ఆ రబ్బరు బుష్షును విడిగా అమ్మరు, ఇనుప ఆర్మ్‌తో కలిపి మొత్తం కొనాల్సిందే.

ఈ సమస్యను ప్రభుత్వ సంస్థలు గుర్తించలేదని అనలేం. కార్ల కంపెనీలు విడిభాగాలను, లోపాన్ని పసిగట్టే పరికరాలను బయటి మెకానిక్‌లకు అందనివ్వడం లేదన్న ఫిర్యాదుపై, బజారులో పోటీ సక్రమంగా ఉండేలా చూసే కాంపిటిషన్ కమిషన్ ఆఫ్ ఇండియా విచారణ జరిపి, 2014 ఆగస్టులో 14 కంపెనీలకు 2,500 కోట్ల రూపాయలకు పైగా జరిమానా విధించింది. విడిభాగాలు బయట దొరికేలా చూడాలని, బయట రిపేరు చేయించుకున్నారన్న ఒక్క కారణంతో వారంటీ రద్దు చేయకూడదని కూడా ఆదేశించింది. ఆ తర్వాత అది అప్పీళ్ల దారి పట్టింది. 2022 జులైలో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రిపేరు హక్కు’ మీద కమిటీ వేసి, వ్యవసాయ పరికరాలు, మొబైల్ ఫోన్లు, గృహోపకరణాలు, వాహనాలు అనే నాలుగు రంగాలను ఎంచుకుని, అదే ఏడాది డిసెంబరులో ఒక పోర్టల్ కూడా ప్రారంభించింది. కంపెనీలు తమంతట తాము రిపేరు వివరాలు పెడితేనే పోర్టల్ వల్ల ప్రయోజనం. పెట్టకపోతే అడిగే అధికారం వినియోగదారుడికి లేదు. ఫ్రాన్స్‌లో ఫోన్లు, ల్యాప్‌టాప్‌లు, వాషింగ్ మెషిన్ల వంటి వాటిని అమ్మేటప్పుడు ఎంత సులువుగా బాగు చేయవచ్చో తెలిపే మార్కులు చూపడం 2021లోనే తప్పనిసరి చేశారు. మన దగ్గర ఫ్రిజ్ కొనేటప్పుడు కరెంటు ఎంత ఆదా అవుతుందో తెలిపే నక్షత్రాలు చూసి కొనడం అందరికీ అలవాటైంది. రిపేరు సౌలభ్యానికి కూడా అలాంటి గుర్తు పెట్టడం మనకు అసాధ్యమేమీ కాదు.

ఇంకొక సంగతి కూడా ఆలోచించాలి. సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లు చెల్లుతుంది. ఆపైన బండి సరిగ్గా ఉంటే ఫీజు కట్టించుకుని ఐదేళ్లకు పునరుద్ధరిస్తారు. ఆ ఫీజును 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000 రూపాయలకు పెంచారు. బండి తిరగడానికి అనుమతించి రుసుము తీసుకునే ప్రభుత్వం, అన్నేళ్లూ ఆ బండికి విడిభాగాలు అమ్మాలని తయారీదారుకు ఎందుకు షరతు పెట్టకూడదు?

బ్రేకులు, టైర్లు, గ్యాస్ గొట్టం లాంటి వాటిలో పొదుపు పనికిరాదని మేమూ ఒప్పుకుంటాం. మా ఇంట్లో గ్యాస్ గొట్టాన్ని ఐదేళ్లకు తప్పకుండా మారుస్తాం, ఐఎస్ఐ గుర్తు లేనిది కొనం. అసలైన విడిభాగం సరసమైన ధరకు దొరకనప్పుడే జనం నకిలీ బ్రేక్ ప్యాడ్ల వైపు పోతారు. కాబట్టి ప్రాణభద్రత పేరుతో విడిభాగాలను బజారుకు రానివ్వకపోవడం సరైన వాదన కాదని నా అభిప్రాయం.

అందువల్ల కేంద్ర ప్రభుత్వం రిపేరు హక్కుకు చట్టం చేసి, ఒక మోడల్ తయారీ ఆపేశాక కూడా ఎన్నేళ్లు విడిభాగాలు అమ్మాలో, ఏ ధరకు అమ్మాలో అందులో స్పష్టంగా రాయాలి. రాష్ట్ర ప్రభుత్వం ఐటీఐలను ఆధునిక సాంకేతిక కేంద్రాలుగా మారుస్తోంది. అక్కడికి వచ్చే కొత్త యంత్రాల మీద ఆటోనగర్ మెకానిక్‌లకు కూడా సాయంత్రం పూట శిక్షణ ఇస్తే, కారు లోపాన్ని పసిగట్టే స్కానర్ చదవడం తెలియక పని పోగొట్టుకుంటున్న చేయి తిరిగిన పనివాళ్లు నిలదొక్కుకుంటారు. ప్రతి సర్వీస్ సెంటర్‌లో విడిభాగాల ధరల పట్టిక గోడకు పెట్టించాలని, మార్చిన పాత భాగాన్ని వినియోగదారుడికి చూపించి తీరాలని మన జిల్లా అధికారులు ఆదేశిస్తే చాలా మేలు జరుగుతుంది. అన్యాయం జరిగిందనుకున్న పాఠకులు జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరుకు ఫోన్ చేయవచ్చు. ఐదు లక్షల రూపాయల లోపు కొనుగోళ్ల మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు చేయడానికి ఫీజు లేదు. ఈ రెండు వివరాలనైనా మీ జిల్లా పేజీల్లో తరచుగా ప్రచురించవలసిందిగా కోరుతున్నాను.

భవదీయురాలు,
ఒక విశ్రాంత ఉపాధ్యాయిని,
హనుమకొండ