రంగు చూసి పగడం కొనొద్దు

సంపాదకులకు నమస్కారం.

ఆదివారం అనుబంధంలో ఇంట్లో పెంచే పగడాల అక్వేరియం గురించి వేసిన వ్యాసం బాగుంది, ఫోటోలు ఇంకా బాగున్నాయి. కానీ కొత్తవాళ్లను నచ్చిన రంగు చూసి పగడాలు ఎంచుకోమన్నారే, నా అభ్యంతరమంతా అక్కడే. నీలి లైటు కింద ఆకుపచ్చగా, నారింజ రంగులో వెలిగిపోయే పగడం తెల్ల లైటు కింద మామూలు గోధుమ రంగులో కనిపించొచ్చు. పైగా ట్యాంకులో లైటు, పోషకాలు మారితే ఆ రంగూ మారిపోతుంది. అమ్మేవాళ్లు పెట్టే మెరుపు పేర్లు కూడా చాలావరకు రంగును చూసి పెట్టినవే.

గుర్తుపట్టాలంటే నిర్మాణం చూడాలి. గోనియోపోరా, ఆల్వియోపోరా అనే పగడాలు రెండూ పొడవాటి పాలిప్‌లు (పగడంలోని పువ్వులాంటి చిన్న జీవులు) చాపుకుని ఉంటాయి కాబట్టి కొత్తవాళ్లకు తేడా తెలియదు, అయితే కాసేపు పంపు ఆపి, నీళ్లు నిలకడగా ఉన్నప్పుడు ఒక్క పాలిప్‌కు ఎన్ని టెంటకిల్స్ (తీగల్లాంటి చేతులు) ఉన్నాయో లెక్కపెడితే సరిపోతుంది. గోనియోపోరాకు 24, ఆల్వియోపోరాకు 12. కొమ్మ కొసన మిగతావాటికంటే పెద్దగా, విడిగా ఒక పాలిప్ గూడు కనిపిస్తే అది ఆక్రోపోరా అనే పగడం, మాంటిపోరా అనే పగడానికి అలాంటిది ఉండదు. ఇంతవరకు ఇంట్లోనే చెప్పొచ్చు. కచ్చితమైన జాతి పేరు మాత్రం ఫోటో చూసి చెప్పడం చాలాసార్లు కుదరదు, అస్థిపంజరాన్ని దగ్గరగా పరీక్షించాల్సిందే.

పేరుతో పనేముంది, బతికితే చాలు కదా అంటారు కొందరు. కానీ ఏదో తెలియకపోతే ఎక్కడ పెట్టాలో ఎలా తెలుస్తుంది? ఆక్రోపోరాకు బలమైన లైటు, జోరైన నీటి ప్రవాహం, నిలకడైన ఆల్కలినిటీ (నీటి క్షారత్వం) కావాలి, మష్రూమ్ పగడానికి అదే లైటు ఎక్కువైపోతుంది. మీ ఫోటోలో గలాక్సియాను వేరే పగడానికి మరీ దగ్గరగా పెట్టారు. పగలు ముచ్చటగా కనిపించే ఆ గలాక్సియా పొడవాటి స్వీపర్ టెంటకిల్స్ చాచి పక్కవాటిని కుట్టి చంపేయగలదు.

అన్నిటికంటే బాధపెట్టింది, వ్యాసంలో జోయాంథిడ్లు అనే పగడాల్లాంటి జీవుల విషం గురించి ఒక్క ముక్క లేకపోవడం. వీటిలో, ముఖ్యంగా పాలిథోవా అనే రకంలో, పాలిటాక్సిన్ అనే చాలా ప్రమాదకరమైన విషం ఉండొచ్చు. దానికి విరుగుడు మందు లేదు. పాలిథోవా తన ఒంట్లో ఇసుక రేణువులు పొదుగుకుంటుంది, జోయాంథస్ అనే మరో రకం అలా చేయదు, ఇది గుర్తుపట్టడానికి పనికొస్తుంది. అయినా జాగ్రత్త రెండింటికీ ఒక్కటే, గ్లవ్స్, కళ్లద్దాలు లేకుండా వాటిని కోయకూడదు. అవి పట్టిన రాళ్లను శుభ్రం చేద్దామని వేడినీళ్లలో మరిగించి, ఆ ఆవిరి పీల్చి ఆసుపత్రి పాలైనవాళ్లు ఉన్నారు. వచ్చే ఆదివారం ఈ ఒక్క హెచ్చరికైనా దయచేసి పెద్ద అక్షరాల్లో వేయండి, మీ వ్యాసం చదివి ఇప్పటికే ట్యాంకు మొదలుపెట్టినవాళ్లు ఉంటారు.

ఇట్లు,
మీ పాఠకుడు