వార్షిక నివేదిక: సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ ప్రచారాల చరిత్ర చదువుకున్న ఏడాది

సభ్యులందరికీ నమస్కారం.

కంప్యూటర్లలో స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ ఎక్కించే ఇన్‌స్టాల్ క్యాంపులు, తెలుగు టైపింగ్ తరగతులు ఈ ఏడాదీ ఎప్పటిలాగే నడిచాయి. వాటిలో మీరంతా పాలుపంచుకున్నారు కాబట్టి మళ్లీ రాయడం లేదు. జమాఖర్చుల పత్రం సర్వసభ్య సమావేశంలో అందజేస్తాం. పోయినసారి సమావేశంలో ఒక సభ్యురాలు లేచి, "పోస్టర్లు వేస్తున్నాం, ఉపన్యాసాలు ఇస్తున్నాం, వీటివల్ల ఎక్కడైనా ఏమైనా మారిందా?" అని అడిగారు. ఎవరం సరిగ్గా జవాబు చెప్పలేకపోయాం. అందుకే ఈ ఏడాది నెలకో ఆదివారం కూర్చుని, సాఫ్ట్‌వేర్ స్వేచ్ఛ కోసం, అంటే వాడే ప్రోగ్రామ్‌ను ఎవరైనా చూసి, మార్చి, పంచుకునే హక్కు కోసం ఇంతకుముందు జరిగిన ప్రచారాల చరిత్ర చదువుకున్నాం. ఈ నివేదికలో ఎక్కువ భాగం దాని గురించే.

మొదటి ఆదివారం ప్రింటర్ కథ చెప్పుకున్నాం. అమెరికాలోని ఎంఐటీ యూనివర్సిటీ కృత్రిమ మేధ ల్యాబ్‌లో రిచర్డ్ స్టాల్‌మన్ పనిచేసే రోజుల్లో, పాత ప్రింటర్‌లో కాగితం ఇరుక్కుంటే ప్రింటు కోసం ఎదురుచూస్తున్న వాళ్లకు కబురు వెళ్లేలా ఆయన ప్రోగ్రామ్ మార్చుకున్నారు. తర్వాత వచ్చిన జిరాక్స్ ప్రింటర్‌కు కంపెనీ సోర్స్ కోడ్ (ప్రోగ్రామ్‌ను మార్చాలంటే కావలసిన మూలరూపం) ఇవ్వలేదు. ఆ కోడ్ తన దగ్గర ఉన్న మరో యూనివర్సిటీ పరిశోధకుడిని అడిగితే, ఎవరికీ ఇవ్వనని కంపెనీకి సంతకం పెట్టానన్నాడు. 1983 సెప్టెంబరు 27న స్టాల్‌మన్, ఎవరైనా వాడుకుని మార్చుకోగల ఆపరేటింగ్ సిస్టమ్ తయారుచేసే గ్నూ ప్రాజెక్టును ప్రకటించారు. 1985లో ఫ్రీ సాఫ్ట్‌వేర్ ఫౌండేషన్ పుట్టింది, 1989లో ఆ స్వేచ్ఛను కాపాడే జీపీఎల్ లైసెన్సు వచ్చింది. ప్రచారంతో ఆగకుండా చేతికి అందే వస్తువు కూడా తయారుచేశారన్నది ఇక్కడ నాకు ముఖ్యంగా తోచింది.

విండోస్ రీఫండ్ డే గురించి చదివిన రోజు చర్చ బాగా వేడెక్కింది. 1999 ఫిబ్రవరి 15న కాలిఫోర్నియాలో లినక్స్ (విండోస్‌కు బదులు వాడే స్వేచ్ఛా ఆపరేటింగ్ సిస్టమ్) వాడేవాళ్లు మైక్రోసాఫ్ట్ ఆఫీసుకు వెళ్లారు. కంప్యూటర్‌తో పాటు బలవంతంగా అంటగట్టిన విండోస్‌ను మేం వాడలేదు, దాని డబ్బు తిరిగి ఇవ్వండని అడిగారు. కంప్యూటర్ తయారుచేసిన కంపెనీనే అడగమని చెప్పి పంపేశారు. పత్రికల్లో వార్తలైతే వచ్చాయి. అది ఓటమేనని కొందరన్నారు. నేను ఒప్పుకోను. కొన్న వస్తువు బిల్లులో ఏముందో అడిగే హక్కు మనకుందని ఆ రోజు చాలామందికి మొదటిసారి తెలిసింది.

యూరప్‌లో సాఫ్ట్‌వేర్ పేటెంట్ల (ఒక ప్రోగ్రామ్ పద్ధతిని ఇతరులు వాడకుండా ఆపే హక్కు) మీద జరిగిన పోరాటానికి రెండు ఆదివారాలు పట్టింది. 2004 డిసెంబరు 21న వాటికి దారి తెరిచే చట్టం ప్రతిపాదనను వ్యవసాయ, మత్స్య శాఖల మంత్రుల సమావేశంలో చర్చ లేకుండా ఆమోదించుకోవాలని చూశారు. చేపల గురించి మాట్లాడే చోట సాఫ్ట్‌వేర్ చట్టం! పోలండ్ ప్రతినిధి అభ్యంతరం చెప్పడంతో ఆ రోజుకు ఆగింది. ఆ దేశానికి కృతజ్ఞతలు చెబుతూ వేలమంది సంతకాలు చేశారు. చిన్న కంపెనీల వాళ్లు, ప్రోగ్రామర్లు తమ తమ ఎంపీలను కలిసి, ఈ చట్టం వస్తే మా పని ఎలా ఆగిపోతుందో విడమరిచి చెప్పారు. 2005 జులై 6న యూరోపియన్ పార్లమెంటు 14కి వ్యతిరేకంగా 648 ఓట్లతో దాన్ని తోసిపుచ్చింది.

దాదాపు అదే కాలంలో మన దగ్గరా ఇలాంటిదే జరిగింది. 2004 డిసెంబరులో కేంద్రం తెచ్చిన పేటెంట్ల ఆర్డినెన్స్, కంప్యూటర్ ప్రోగ్రామ్‌కు పేటెంటు లేదని చెప్పే సెక్షన్ 3(కె)లో కొన్ని మాటలు చేర్చింది. పరిశ్రమలో సాంకేతికంగా వాడేదైనా, హార్డ్‌వేర్‌తో కలిసినదైనా పేటెంటు ఇవ్వొచ్చని వాటి అర్థం. 2005లో పార్లమెంటు చేసిన చట్టంలో ఆ మాటలు లేవు. 2015 ఆగస్టులో పేటెంట్ ఆఫీసు మార్గదర్శకాల రూపంలో అదే ముప్పు మళ్లీ వచ్చింది. స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ సంస్థలు, స్టార్టప్‌లు, విద్యావేత్తలు కలిసి ప్రధానమంత్రి కార్యాలయానికి లేఖ రాశారు. డిసెంబరులో వాటిని పక్కన పెట్టి, 2016 ఫిబ్రవరిలో వేరేవి ఇచ్చారు. ఇక్కడ గెలిచినవాళ్లు ఫలానా సెక్షన్‌లో ఫలానా మాట వద్దని, దాన్ని మార్చే అధికారం ఉన్నవాళ్లనే అడిగారు. ఆ సభ్యురాలి ప్రశ్నకు మాకు దొరికిన జవాబు ఇదే.

ఇప్పుడు మన సొంత పని. ఒక రిటైర్డ్ హెడ్‌మాస్టరు గారు ఇరవై ఏళ్ల కిందటి తమ స్కూలు సావనీర్ సీడీ పట్టుకొచ్చారు. తెరిస్తే తెలుగు లేదు, డాలర్ గుర్తులు, కామాలు, టోపీ పెట్టిన ఇంగ్లిష్ అక్షరాలు. యూనికోడ్‌కు (ఏ కంప్యూటర్‌లోనైనా తెలుగు సరిగ్గా కనబడేలా చేసే అక్షరాల ప్రమాణం) ముందునాటి ఫాంటులో టైపు చేశారు. ఆ సాఫ్ట్‌వేర్ నడవాలంటే డాంగిల్ (కంప్యూటర్‌కు గుచ్చే తాళంచెవి లాంటి చిన్న పరికరం) కావాలి. డీటీపీ షాపు ఎప్పుడో మూసేశారు. పిల్లలు రాసిన కవితలు ఫైల్లోనే ఉన్నా చదవలేని పరిస్థితి. అచ్చుప్రతి పక్కన పెట్టుకుని మన వలంటీర్లు మూడు వారాలు సాయంత్రాలు కూర్చుని యూనికోడ్‌లోకి టైపు చేశారు. స్వేచ్ఛగా దొరికే మండలి ఫాంటులో ప్రింటు తీసి ఇస్తే, సారు ముందుగా తన శిష్యుల పేర్లు వెతుక్కున్నారు.

ఆ అనుభవంతోనే మన ఊళ్లోని ఒక కార్యాలయానికి వినతిపత్రం ఇచ్చాం. అందులో ఒక్కటే కోరాం: ఇకనుంచి విడుదల చేసే తెలుగు నోటీసులు, ఫారాలు యూనికోడ్‌లో ఉండాలి. రెండుసార్లు వెళ్లొచ్చాం, జవాబు ఇంకా రాలేదు. వచ్చే నెల మళ్లీ వెళ్తున్నాం, వీలైనవాళ్లు తోడు రండి.

సెప్టెంబరు మూడో శనివారం సాఫ్ట్‌వేర్ ఫ్రీడమ్ డేకి ఇన్‌స్టాల్ క్యాంపు ఉంటుంది. ఇళ్లల్లో పాత ఫాంటుల్లో ఉన్న పెళ్లి పుస్తకాలు, స్కూలు పత్రికల ఫైళ్లు ఉంటే, అచ్చుప్రతితో సహా ఆ రోజు తీసుకురండి.

— కార్యదర్శి