సొరపాదు పీకెయ్యకు

చిన్నీ,

మేమిద్దరం క్షేమం. నువ్వు ఫోను చేసి ఇరవై రోజులు దాటింది. పని ఎక్కువైందేమో అనుకుంటున్నాం, అంతేగా? పిందెలన్నీ రాలిపోతున్నాయని బాల్కనీలో సొరపాదు పీకేస్తానన్నావట, మొన్న పిన్ని చెప్పింది. పీకకు. పాదుకి జబ్బేం లేదు.

సొరకి మగపువ్వులు, ఆడపువ్వులు వేర్వేరుగా ఒకే తీగకి పూస్తాయి. మగపువ్వుకి పొడుగాటి సన్నకాడ, అంతే. ఆడపువ్వుకి కిందనే నూగు పిందె ఉంటుంది. చూడ్డానికి కాయలా ఉన్నా అది అండాశయమే, అంటే ముందుముందు కాయగా మారే భాగం. పుప్పొడి అందితే ఊరుతుంది, లేకపోతే మూడు నాలుగు రోజుల్లో పసుపెక్కి రాలిపోతుంది. పువ్వేమో సాయంత్రం విచ్చుకుని మర్నాడు పొద్దెక్కేసరికి వాడిపోతుంది. రాత్రిపూట తిరిగే రెక్కల పురుగులు దాని మీద వాలాలి. ఎనిమిదో అంతస్తుకి అవెక్కడొస్తాయి?

అందుకని నువ్వే చెయ్యాలి. చీకటి పడే వేళ అప్పుడే విచ్చిన మగపువ్వు కోసి, రేకులు తుంచేసి, మధ్యలో పసుప్పచ్చగా ఉన్న పుప్పొడి తిత్తుల్ని ఆడపువ్వు నడుమ పుప్పొడిని పట్టుకునే కీలాగ్రానికి మెల్లగా రాయి. కీలాగ్రం మూడు భాగాలుగా ఉంటుంది, మూడింటికీ పొడి అంటాలి. ఒక్కో రేణువు నుంచి ఒక్కో గొట్టం దిగి ఒక్కో గింజని పట్టిస్తుంది. ఒకవైపే అంటితే ఆ వైపే గింజపట్టి కాయ వంకరపోతుంది. ఆ పూట పువ్వుల మీద నీళ్లు చల్లకు, తడిస్తే రేణువులు పగిలిపోతాయి.

ఆ వేళకి ఇంట్లో ఉంటున్నావా అసలు? తొమ్మిదింటికొచ్చినా ఫోను లైటు పెట్టుకుని చెయ్యొచ్చు. కానీ రోజూ తొమ్మిదైతే అన్నం ఎప్పుడు తింటున్నావు?

ఇదేం చిన్న పని కాదమ్మా. మెక్సికో వెనిల్లా తీగని హిందూ మహాసముద్రంలోని రీయూనియన్ దీవిలో నాటితే ఏళ్ల తరబడి పూసింది గాని కాయలేదు. ఆ పువ్వులో మగభాగానికీ ఆడభాగానికీ మధ్య సన్నపొర అడ్డం. 1841లో ఎడ్మండ్ అనే పన్నెండేళ్ల బానిస పిల్లవాడు చిన్న పుల్లతో ఆ పొర ఎత్తి, బొటనవేలితో పుప్పొడి ముద్దని అదిమాడు. కాయ నిలిచింది. అంతకుముందు యజమాని అతనికి నేర్పింది పుచ్చపాదులో మగపువ్వుని ఆడపువ్వుకి తాకించడం, అంటే నీ సొరకి చుట్టమే. ఇవాళ్టికీ మడగాస్కర్ తోటల్లో ఒక్కో పువ్వునీ చేత్తోనే ఇలా కలుపుతారు. పువ్వు తెరిచి ఉండేది ఒక్క పూటే, ఆ పూట దాటితే అంతే. 1848లో బానిసత్వం పోయింది. ఎడ్మండ్ మాత్రం 1880లో పేదవాడిగానే పోయాడు. తలుచుకుంటే కడుపు తరుక్కుపోతుంది.

మొదట్లో అన్నీ మగపువ్వులే వస్తాయి, కంగారుపడకు. ఆడపువ్వులు పక్క కొమ్మల మీద ఎక్కువ, అందుకే తీగ కొన తుంచమనేది. యూరియా వేస్తున్నావా? ఆపెయ్. ఆకు ఏపుగా వస్తుంది, పూత వెనకబడుతుంది. కుండీకి ఒక్క పాదే ఉంచు.

పొడి రాసిన పువ్వు కాడకి వదులుగా దారం కట్టు, గుర్తుంటుంది. నాలుగో రోజుకి పిందె లావెక్కితే పట్టినట్టే. రెండు వారాల్లో, గోరు దిగేంత లేతగా ఉన్నప్పుడే కొయ్యి. పిందె పట్టినా పట్టకపోయినా ఆదివారం ఫోను చెయ్యి. కందిపొడి, నెయ్యి అమ్మ పార్సిల్ చేసి ఉంచింది, ఏ రోజు ఇంట్లో ఉంటావో చెబితే పంపుతాం.

నాన్న