కారు ధరకే కాదు, టార్క్‌కూ పరిమితి కావాలి

సంపాదకులకు నమస్కారం.

ప్రపంచ ర్యాలీ ఛాంపియన్‌షిప్‌లో అగ్రశ్రేణి కార్ల ధర 2027 నుంచి 3.45 లక్షల యూరోలు దాటకూడదని అంతర్జాతీయ సమాఖ్య ఎఫ్ఐఏ నిబంధన తెచ్చింది. యూరోకు నూరు రూపాయల లెక్క వేసుకున్నా ఇది మూడున్నర కోట్లకు దగ్గర. కంపెనీ అండ లేకుండా సొంత జేబులోంచి ఖర్చుపెట్టి ర్యాలీకి దిగేవాళ్లకు దీనివల్ల ఒరిగేదేమీ లేదు. వాళ్లకు అందుబాటులో ఉండాల్సిన ఫోర్ వీల్ డ్రైవ్ కార్ల గురించే ఈ ఉత్తరం.

ధరకు పరిమితి పెట్టడం కొత్తేమీ కాదు. 2013లో ఫోర్డ్ ఫియస్టాతో ఆర్5 అనే తరగతి కార్లు రంగంలోకి దిగినప్పుడు పెట్టుకున్న గీత 1.8 లక్షల యూరోలు. ఇప్పుడు ర్యాలీ2గా పిలుస్తున్న అదే తరగతి కారు, అవసరమైన అదనపు సామానుతో కలిపి, రెండు లక్షలు ఎప్పుడో దాటింది. పరిమితి వర్తించేది మూల కారుకే. తారు రోడ్డు సస్పెన్షన్, స్పేర్లు, ఏటా వచ్చే కొత్త భాగాలు ఆ లెక్కలోకి రావు. ఆ తర్వాత 2021లో లక్ష యూరోల లోపే ఫియస్టా ర్యాలీ3ని ర్యాలీ కార్ల సంస్థ ఎం-స్పోర్ట్ పోలండ్‌లో తయారుచేసింది. హైదరాబాద్ డ్రైవర్ నవీన్ పులిగిల్ల కెన్యా సఫారీ ర్యాలీలో పోటీపడింది ఈ తరగతి కారుతోనే. ఇది సరైన దారే, కానీ సగంలో ఆగింది.

ఎందుకంటే కారు కొనేది ఒకసారి, విప్పి బిగించేది ప్రతి ర్యాలీకి. ఇంజిన్ పీల్చే గాలిని అదుపు చేసే రెస్ట్రిక్టర్ ర్యాలీ2లో 32 మిల్లీమీటర్లు, ర్యాలీ3లో 30. ఈ రెండు మిల్లీమీటర్ల తేడాకు గాలి దారి వైశాల్యం 12 శాతం తగ్గిపోతుంది. దీనితో పాటు ఇంజిన్ మీద ఉన్న ఇతర ఆంక్షల వల్ల ఫియస్టా ర్యాలీ3 తొలి కారు 215 హార్స్‌పవర్ దగ్గర ఆగింది. ర్యాలీ2 స్కోడా ఫాబియాకు 289. తేడా బాగానే కనిపిస్తోంది కదా? టార్క్, అంటే షాఫ్ట్‌ను మెలితిప్పే బలం, చూడండి: ఫాబియాకు 430 న్యూటన్ మీటర్లు, ఫియస్టా ర్యాలీ3కి 400. గేర్‌బాక్స్‌నూ, యాక్సిళ్లనూ, చక్రాలకు శక్తి పంచే డిఫరెన్షియల్‌లోని క్రౌన్ పినియన్ గేర్లనూ తినేది హార్స్‌పవర్ కాదు, టార్క్. రెస్ట్రిక్టర్ ఎక్కువ ఆర్‌పీఎం దగ్గర మాత్రమే గొంతు నొక్కుతుంది. మధ్య ఆర్‌పీఎంలో టర్బో తన పని తాను చేసుకుపోతూనే ఉంటుంది. అంటే కారు చవకైంది కానీ లోపలి సామాను పడే కష్టం పెద్దగా తగ్గలేదు.

అందుకే మన దేశంలో ఇలాంటి తరగతి పెడితే టర్బో ప్రెజర్‌ను, హద్దు దాటితే గాలిని బయటికి వదిలే పాప్-ఆఫ్ వాల్వ్‌తో కట్టడి చేసి, టార్క్‌ను 300 దగ్గర ఆపాలి. ఆర్5 కార్లకు ఈ వాల్వ్ మొదటినుంచీ ఉంది, దాన్ని ఇంకా తక్కువ ప్రెజర్‌కు సెట్ చేసి సీలు వేస్తే చాలు. టార్క్ నాలుగో వంతు తగ్గితే బాల్ బేరింగ్ ఆయుష్షు దాదాపు 2.4 రెట్లవుతుంది. బేరింగ్ లోడ్ లెక్క తెలిసిన వాళ్లెవరైనా కాగితం మీద వేసి చూసుకోవచ్చు. గేర్ పళ్లకూ ఇదే ధోరణిలో మేలు జరుగుతుంది. యాంటీ-ల్యాగ్‌ను పూర్తిగా నిషేధించాలి. ఎగ్జాస్ట్‌లో ఇంధనం మండించి టర్బోను తిప్పడమంటే డబ్బు మండించడమే.

ఈ కార్లలో ఉండే, గేర్లు వరుసగా ఒకదాని తర్వాత ఒకటే పడే సీక్వెన్షియల్ గేర్‌బాక్స్ పాడయ్యే తీరు కూడా తెలియాలి. అందులో గేర్ల వేగాన్ని సమం చేసే సింక్రో రింగులు ఉండవు, నేరుగా ఒకదాంట్లో ఒకటి ఇరుక్కునే డాగ్ పళ్లు ఉంటాయి. లీవర్‌ను తటపటాయిస్తూ సగం లాగితే ఆ పళ్ల అంచులు గుండ్రబడతాయి. ఆ తర్వాత లోడ్ పడినప్పుడల్లా గేర్ జారుతుంది, జారిన ప్రతిసారీ మరికొంత అరుగుతుంది. లీవర్‌లో, గేర్ మారే క్షణంలో ఇంజిన్ శక్తిని ఆపే ఇగ్నిషన్ కట్ సెన్సార్ తప్పనిసరి చేస్తే ఈ నష్టం చాలావరకు తప్పుతుంది. గేర్‌బాక్స్ ఖరీదుతో పోలిస్తే దాని ఖర్చు లెక్కలోకే రాదు.

మన ర్యాలీలకు ప్రత్యేకమైన ఇబ్బంది ఇంకొకటుంది. ఈ కార్లలో ముందు వెనక ఇరుసులను వేర్వేరు వేగాలతో తిరగనిచ్చే సెంటర్ డిఫరెన్షియల్ ఉండదు, రెండూ బిగదీసినట్టు కలిసే తిరుగుతాయి. మట్టి మీద చక్రం జారి సర్దుకుంటుంది. పోటీ జరిగే ఒక స్టేజీకీ మరో స్టేజీకీ మధ్య తారు రోడ్డు మీద జారదు. ముందు కొత్త టైర్లు, వెనక 4 మిల్లీమీటర్లు అరిగినవి వేశారనుకోండి. 15 అంగుళాల టైరుకు అది వ్యాసార్ధంలో ఒక శాతం దాటిన తేడా, కిలోమీటరుకు సుమారు 12 మీటర్లు. ఆ 12 మీటర్ల మెలిక అంతా వెనక్కి శక్తిని తీసుకెళ్లే ప్రొపెల్లర్ షాఫ్ట్, క్రౌన్ పినియన్ మోయాలి. ‘అరిగినవి వెనక వేసి సరిపెడదాం’ అనేవాళ్లు టైర్ల మీద మిగుల్చుకున్న దానికి ఎన్నో రెట్లు డిఫరెన్షియల్ మీద పోగొట్టుకుంటారు. సర్వీసులో నాలుగు టైర్ల చుట్టుకొలతను టేపుతో కొలవడానికి రెండు నిమిషాలు చాలు. రోడ్డు ప్రయాణంలో వెనక ఇరుసును విడదీసే మామూలు మెకానికల్ క్లచ్‌కు నిబంధనల్లో చోటిస్తే ఇంకా మంచిది.

థార్, జిమ్నీ ఉన్నాయి కదా అని పాఠకులు అడగవచ్చు. అవి నిచ్చెన లాంటి ఫ్రేమ్ (ల్యాడర్ ఛాసిస్) మీద కట్టిన బండ్లు, ఎత్తయినవి. క్రాస్‌కంట్రీకి బాగుంటాయి కానీ సన్నటి మట్టి స్టేజీలో చిన్న కారుతో పోటీపడలేవు. అవసరమైనప్పుడే వెనక చక్రాలకు శక్తినిచ్చే ఆల్ వీల్ డ్రైవ్ ఎస్‌యూవీల్లోని కప్లింగ్ ఎడతెగని జారుడుకు వేడెక్కుతుంది. దాన్ని కాపాడుకోవడానికి కంప్యూటర్ వెనక చక్రాలకు శక్తి ఆపేస్తుంది. ర్యాలీలో అది పనికిరాదు.

మరి ముందు చక్రాల కారునే మార్చుకోవచ్చా? మార్చుకోవచ్చు, ఫ్రాన్స్‌లోని ఓరెకా సంస్థ ఆర్4 కిట్‌తో చేసి చూపింది. ఇంజిన్, గేర్‌బాక్స్, డిఫరెన్షియళ్లు, సస్పెన్షన్ అన్నీ ఒకే కిట్‌గా వస్తాయి, బాడీ మనిష్టం. మనకు ట్యాక్సీగా తెలిసిన టొయోటా ఈటియోస్‌ను దానితో ర్యాలీ కారుగా మార్చారు, స్పెయిన్‌లో సుజుకి స్విఫ్ట్‌ను మార్చారు. మనకు ఇంజిన్ దిగుమతి చేసుకోవాల్సిన అవసరమూ లేదు. ఫోక్స్‌వాగన్ వర్టస్‌లోని 1.5 టర్బో కంపెనీ నుంచే 150 పీఎస్, 250 న్యూటన్ మీటర్లు ఇస్తోంది. 300 దాకా వెళ్లడానికి దాన్ని పిండాల్సిన పనిలేదు.

కష్టమంతా బాడీ పనిలో ఉంది. నేల మధ్య టన్నెల్ కోసి వెడల్పు చేయాలి. వెనక చక్రాలు రెంటినీ కలిపే ట్విస్ట్ బీమ్ తీసేసి, సబ్‌ఫ్రేమ్‌కు ఆధారాలు వెల్డింగ్ చేయాలి. వెనక సీటు కింది పెట్రోలు ట్యాంకు స్థానంలో ఎఫ్ఐఏ ప్రమాణమైన ఎఫ్‌టీ3 సేఫ్టీ ట్యాంకు రావాలి. కొలత కదలకుండా పట్టి ఉంచే జిగ్ లేకుండా కంటి అంచనాతో వెల్డింగ్ చేస్తే షాఫ్ట్ రెండు చివర్ల యూనివర్సల్ జాయింట్ కోణాలు సమానంగా రావు. వణుకు మొదలవుతుంది, సెంటర్ బేరింగ్ త్వరలోనే పోతుంది. నాలుగు మూలలా చక్రాన్ని మోసే నకిల్, హబ్ ఒకే రకం, సస్పెన్షన్ ఆర్మ్ ఒకే పొడవు వాడేలా డిజైన్ చేస్తే స్పేర్ల పెట్టె సగమవుతుంది. బోల్తాపడితే లోపలివాళ్లను కాపాడే పైపుల పంజరం, అంటే రోల్‌కేజ్ దగ్గర మాత్రం పిసినారితనం కూడదు. సీట్ల వెనక ఉండే ప్రధాన వంపు మెయిన్ హూప్‌కు 45 x 2.5 మిల్లీమీటర్ల సీమ్‌లెస్ పైపే వాడాలి.

పూర్తి కారు దిగుమతి చేసుకుంటే సుంకాలు, జీఎస్టీ కలిసి ధరను రెట్టింపు దాటిస్తాయి. కాబట్టి ఇక్కడే బాడీ కట్టి, గేర్‌బాక్స్, డిఫరెన్షియళ్లు మాత్రమే బయటినుంచి తెప్పించుకోవడం దారి. దేశంలో మోటార్ స్పోర్ట్‌ను నడిపే ఎఫ్ఎంఎస్‌సీఐ ఇందుకు ఒక తరగతి ప్రకటించాలి. ఒకే ట్రాన్స్‌మిషన్ ఎంచుకుని అందరికీ ఒకే ధరకు ఇప్పించాలి. గేర్ రేషియోలు ఒక సెట్టుకు మించకూడదు. నిబంధనలను కనీసం ఐదేళ్లు కదపకూడదు. ప్రతి గేర్‌బాక్స్‌కూ డిఫరెన్షియల్‌కూ నంబరు వేసి, ఎన్ని పోటీ కిలోమీటర్లు తిరిగిందో లాగ్‌బుక్‌లో కార్లను తనిఖీ చేసే స్క్రూటినీర్ల సంతకంతో నమోదు చేయాలి. ఆ పుస్తకం ఉంటేనే సెకండ్‌హ్యాండ్ కారు కొనేవాడికి తాను ఏం కొంటున్నాడో తెలుస్తుంది, అమ్మేవాడికీ న్యాయమైన ధర వస్తుంది.

– ఒక ర్యాలీ సర్వీస్ ఇంజినీర్, సికింద్రాబాద్