వార్షిక నివేదిక: ‘తగ్గాక చూద్దాం’ అనడం మానేసిన ఏడాది

మన క్యాన్సర్ రోగుల సంఘం సభ్యులందరికీ, వాళ్లతో పాటు ఆస్పత్రి వరండాల్లో గంటలు గంటలు కూర్చునే ఇంటివాళ్లకీ నమస్కారం.

ఈ నివేదిక రెండు వారాల క్రితమే మీకు రావాల్సింది. నా స్కాన్ తేదీ మధ్యలో వచ్చి పడింది, రిపోర్టు చేతికొచ్చేదాకా నా బుర్ర ఏ పనికీ పనికిరాలేదు. స్కాన్ ముందు టెన్షన్ ఎలా ఉంటుందో మీకు నేను చెప్పక్కర్లేదు. గడ్డలు ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయట, పెరగలేదట. అందుకని కూర్చుని రాస్తున్నాను.

పోయిన సర్వసభ్య సమావేశంలో మన లెక్కల మాస్టారు లేచి అడిగింది గుర్తుందా? కమిటీ ఏమో ‘ట్రీట్‌మెంట్ పూర్తయిన సభ్యులకు విహారయాత్ర’ అని కాగితం మీద రాసుకొచ్చి చదివేసింది. ఆయన చెయ్యెత్తి, “నాది నాలుగో స్టేజి అమ్మా, మందు పనిచేసినన్నాళ్లు నడుస్తూనే ఉంటుంది, పూర్తవడమంటూ ఉండదు. మరి నేను పేరివ్వాలా వద్దా?” అన్నారు. కోపంగా కూడా అనలేదు, ఫారం నింపడంలో అనుమానమొస్తే అడిగినట్టు అడిగారు. ఎవరూ నోరెత్తలేదు. ఆ కాగితం రాసింది నేనే, నాదీ నాలుగో స్టేజే, అయినా నాకు తట్టలేదు చూడండి. ‘తగ్గాక చూద్దాం’ అనే మాట అంతగా నోటికి అలవాటైపోయింది. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022 లెక్కల ప్రకారం క్యాన్సర్ అని తేలి ఐదేళ్లలోపు ఉన్నవాళ్లు ప్రపంచం మొత్తమ్మీద దాదాపు 5.35 కోట్ల మంది. అందులో ఎంతమంది ‘తగ్గాక’ అంటూ పెట్టెలు అటక మీదే ఉంచుకుని కూర్చున్నారో.

అందుకని ఈ ఏడాది తీసుకున్న నిర్ణయం ఒక్కటే. ఏ కార్యక్రమమైనా ట్రీట్‌మెంట్ అయ్యాక కాదు, ట్రీట్‌మెంట్ మధ్యలోనే. చెప్పినంత తేలిక కాదని మొదటి నెలలోనే తెలిసొచ్చింది. మూడు వారాలకోసారి కీమో ఎక్కించుకునేవాళ్లకి మొదటి వారం వాంతులు, నీరసం, ఆ తర్వాత ఏడో రోజు నుంచి పద్నాలుగో రోజు దాకా తెల్ల రక్తకణాలు బాగా పడిపోతాయి, ఇన్ఫెక్షన్ భయంతో నలుగురిలో తిరగడమే ప్రమాదం. మిగిలేది మూడో వారం. ఆ వారంలో మనిషి మనిషిలా ఉంటాడు. కానీ నా మూడో వారం మీ మొదటి వారం అవుతుంది కదా! హాలు గోడకి పెద్ద కాగితం అంటించి, ఒక్కొక్కరి కీమో సైకిల్‌ని, అంటే ఒక కీమోకీ తర్వాతి కీమోకీ మధ్య వారాల్ని, ఒక్కో రంగు పెన్సిల్‌తో గీశాం. మాస్టారే గీశారు, స్కేలు పెట్టి. ఎక్కువ రంగులు కలిసిన రోజుల్లోనే కూడుకున్నాం. సంవత్సరం చివరికి ఆ కాగితం మన ప్రదర్శనలో పెట్టిన వస్తువులన్నిటికంటే అందంగా తయారైంది. ఇది నా ఒక్కదాని అభిప్రాయం కాదు.

చేతిపనుల తరగతి. మొదట చేసిన తప్పుతోనే మొదలుపెడతాను. జుట్టు ఊడినవాళ్ల కోసం టోపీలు అల్లాలని ఉత్సాహంగా ముతక ఊలు తెచ్చి, ఒక పెట్టె నిండా అల్లి పంచాం. వారం తిరక్కుండానే అన్నీ వెనక్కి వచ్చాయి. జుట్టు పోయిన మాడు చంటిపిల్లల చర్మంలా ఉంటుంది, ఊలు పోగు ప్రతిదీ గుచ్చుకుంటుంది, అతుకు ఉన్నచోట రాత్రి తలగడ మీద తల ఆనించలేం. ఇవన్నీ అనుభవించినవాళ్లమే కూర్చుని అల్లాం, అయినా మర్చిపోయాం. రెండో విడత మెత్తటి నూలుతో, అతుకు పైవైపుకి వచ్చేలా చేశాం. చూడ్డానికి తిరగేసి పెట్టుకున్నట్టుంటుంది. ఎవరూ తిరిగివ్వలేదు.

తర్వాత చేతుల సంగతి. పాక్లిటాక్సెల్, ఆక్సాలిప్లాటిన్, విన్‌క్రిస్టిన్ లాంటి కీమో మందులు తీసుకున్న చాలామందికి వేళ్ల కొసలు మొద్దుబారిపోతాయి. సూది పట్టుకున్నామో లేదో కంటితో చూసి తెలుసుకోవాలి. ఇక ఆక్సాలిప్లాటిన్ వాళ్లకైతే చల్లటి ఇనప సూది తగిలితే షాక్ కొట్టినట్టుంటుంది. అందుకని సన్నటి స్టీలు సూదులన్నీ డబ్బాలో పెట్టేసి, లావుపాటి వెదురు సూదులు, చెక్క పిడి ఉన్న క్రోషే కొక్కేలు తీసుకున్నాం. ప్లేట్‌లెట్లు (రక్తం గడ్డకట్టించే కణాలు) తక్కువున్నవాళ్లకి మొన మొద్దుగా ఉన్న పెద్ద కన్ను సూదులు. చంక కింద లింఫ్ గ్రంథులు తీయించుకున్నవాళ్లు చెయ్యి వాయకుండా ఇరవై నిమిషాలకోసారి పని ఆపి చెయ్యి పైకెత్తి దించాలని గడియారానికి గంట పెట్టాం. మొదట్లో అందరూ విసుక్కున్నారు, ఇప్పుడు ఆ గంట మోగితే కబుర్లకి వంక. మట్టి బొమ్మల క్లాసు మాత్రం ఒక్క రోజుతో ఆగింది. కౌంట్స్, అంటే రక్తకణాల లెక్క, తక్కువున్నప్పుడు మట్టిలో చేతులు పెట్టొద్దని డాక్టర్లు చెప్తారు, అది మేం ముందే కనుక్కోవాల్సింది.

కీమో మొదలయ్యాక లెక్క నిలవదు, ఎన్నో కుట్టులో ఉన్నామో గుర్తుండదు. పదో కుట్టుకి పదో కుట్టుకి ఒక పిన్నీసు గుచ్చుకుంటూ వెళ్లమని మాస్టారి సలహా. నలభై ఏళ్లు పిల్లలకి లెక్కలు చెప్పిన మనిషి వేళ్లు మడుచుకుని తొమ్మిది, పది అని పైకి లెక్కపెట్టుకుంటూ, మధ్యలో ఆగి, మళ్లీ ఒకటి నుంచి మొదలుపెట్టడం పక్కన కూర్చుని చూశాను. నవ్వుతూనే చేశారు. మూడు నెలలకి ఒక మఫ్లర్ పూర్తయింది. ఒక చివర జానెడు, రెండో చివర మూరెడు వెడల్పు. ఆయన దాన్ని విప్పనివ్వలేదు.

ఇంకొకటి, ఇది ప్లాన్‌లో లేనిది. కీమోతో పాటు ఇచ్చే స్టెరాయిడ్ వల్ల ఆ ఒకటి రెండు రాత్రులు నిద్ర పట్టదు. ఒక అక్క తెల్లవారుజాము రెండున్నరకి తను అల్లుతున్న దుప్పటి ఫొటో మన ఫోన్ గ్రూపులో పెట్టింది, మాట ఏమీ రాయకుండా. రెండు నిమిషాల్లో ఇంకొకరు తన ఎంబ్రాయిడరీ ఫొటో పెట్టారు, తర్వాత ఇంకొకరు. ఇంట్లో అందరూ నిద్రపోతుంటే ఒక్కళ్లం కళ్లు తెరుచుకుని పడుకోవడం కంటే ఇది నయం. ఈ ఏడాది మనం చేసినవాటిలో బాగా పనికొచ్చింది ఏదంటే నేను దీన్నే చెప్తాను, దీనికి కమిటీ చేసింది మాత్రం ఏమీ లేదు.

ఫిబ్రవరి 4, ప్రపంచ క్యాన్సర్ దినం రోజున ప్రదర్శన పెట్టాం. వస్తువుల పక్కన చీటీల మీద ‘క్యాన్సర్ యోధురాలు చేసినది’ అని రాద్దామని ఒకరిద్దరు అన్నారు. నేను ఒప్పుకోలేదు, కమిటీలో కాస్త గట్టిగానే మాటలు నడిచాయి. యుద్ధం అంటే రేపు మందు పనిచేయకపోతే ఓడిపోయింది మనమేనా? చివరికి ‘వెదురు సూదులు, నూలు, ఆరు వారాలు’ అని మాత్రం రాశాం. ఒక పెద్దమనిషి వచ్చి అల్లికలతో క్యాన్సర్ తగ్గుతుందట కదా అని అడిగారు. తగ్గదండీ. తగ్గేది మందుతో, ఆపరేషన్‌తో, రేడియేషన్‌తో. అల్లితే మఫ్లర్ వస్తుంది.

ఇక యాత్ర. రాత్రి రైలు, రెండు పగళ్లు సముద్రం, మళ్లీ రాత్రి రైలు. సర్దుకోవడమే ఒక తతంగం. మందులు పెట్టెలో కాదు, చేతిసంచిలో, రైలు ఆలస్యమైనా సరిపోయేలా నాలుగు రోజులవి అదనంగా. ప్రతివాళ్ల మెడలో ఒక కార్డు, దాని మీద జబ్బు, మందుల పేర్లు, డాక్టర్ ఫోన్ నంబరు. దిగే ఊళ్లో క్యాన్సర్ విభాగం ఉన్న ఆస్పత్రి ఎంత దూరమో ముందే కనుక్కున్నాం. క్యాన్సర్ వల్లా మందుల వల్లా కూడా కాళ్లలో రక్తం గడ్డకట్టే ప్రమాదం ఎక్కువ, అందుకని మెలకువగా ఉన్నంతసేపూ గంటకోసారి లేచి రైలు పెట్టె ఈ చివరి నుంచి ఆ చివరికి నడక. ఒకే కాలు వాచినా, ఆయాసం వచ్చినా దాచకుండా చెప్పాలని ఒప్పందం. ఈ ఏడాది సొంతంగా విమాన ప్రయాణం పెట్టుకున్న ఒకావిడ థైరాయిడ్ క్యాన్సర్‌కి రేడియో అయోడిన్ (కొన్నాళ్లు ఒంట్లోంచి రేడియేషన్ వచ్చే మందు) తీసుకుని కొన్ని వారాలే అయింది. ఎయిర్‌పోర్టులో రేడియేషన్ పసిగట్టే యంత్రం మోగే వీలుందని డాక్టర్ దగ్గర ఉత్తరం రాయించుకుని వెళ్లింది. నిజంగానే మోగిందట. పావుగంట నిలబెట్టి, ఉత్తరం చూసి పంపారట.

మొదటి రోజు పొద్దున్నే, ఇసక వేడెక్కక ముందే నీళ్ల దగ్గరికి వెళ్లాం. కాపెసిటాబిన్ అనే కీమో మాత్రలు వేసుకునేవాళ్లకి అరికాళ్లు ఎర్రబడి పొట్టు రాలుతుంటాయి, వేడి ఇసకలో నడవలేరు. ఒక చెల్లి మెత్తటి చెప్పులతో వచ్చి, నీళ్ల అంచున ఆగి, చెప్పులు విడిచి ఒక్కో పాదం తడి ఇసకలో పెట్టింది. అల వచ్చి వెళ్లినప్పుడు కాళ్ల కింద ఇసక జారుతుంది చూడండి, అది తనకి తెలుస్తోందని అరిచింది. ఆర్నెల్లుగా ఆ పాదాలకి మంట తప్ప వేరే ఏమీ తెలియలేదట. గంటసేపు అక్కడే నిలబడింది, మేం వెళ్లి లాక్కొచ్చేదాకా.

రెండో రోజు సాయంత్రం మన సభ్యురాలు ఒకరికి ఒళ్లు వెచ్చబడింది. థర్మామీటర్ పెడితే 38.2 డిగ్రీల సెల్సియస్. కీమోలో ఉన్నవాళ్లకి 38 దాటితే తెల్లారేదాకా ఆగే ప్రశ్నే లేదు. ముందే చూసిపెట్టుకున్న ఆస్పత్రికి తీసుకెళ్లాం, కార్డు చూపించాం, వెంటనే యాంటీబయాటిక్ ఎక్కించారు. నాలుగు రోజులుండి క్షేమంగా ఇంటికి చేరారు. తప్పు ఎక్కడ జరిగిందో తర్వాత తేలింది. కౌంట్స్ సరిపోక ఆవిడ కీమో వారం వెనక్కి జరిగింది, మన కాగితం మీద మాత్రం పాత గీతే ఉంది. మేం మూడో వారం అనుకున్నది ఆవిడకి రెండో వారం. యాత్ర చెడుతుందని ఆవిడ చెప్పలేదు, బయల్దేరే ముందు నేను మళ్లీ అడగలేదు. సంఘం తరఫున ఆవిడకి, ఆవిడ కుటుంబానికి క్షమాపణ ఇక్కడ రాతపూర్వకంగా చెప్తున్నాను.

ఈ ఏడాది ముగ్గురిని పోగొట్టుకున్నాం. కుటుంబాలు కోరినట్టే పేర్లు రాయడం లేదు. వాళ్లలో ఒకరు, అర్ధరాత్రి మొదటి ఫొటో పెట్టిన అక్క, సగం అల్లిన దుప్పటి వదిలి వెళ్లింది. మేమంతా కలిసి పూర్తి చేద్దామని అనుకుంటుండగానే ఆవిడ కూతురు ఫోన్ చేసింది. “దాన్ని విప్పేయమని అమ్మ చెప్పింది, ఊలు మంచిదట, వృథా చేయొద్దంది.” విప్పడానికి ఇద్దరం కూర్చున్నాం. చాలా రోజులు అల్లికలో ఉన్న ఊలు తిన్నగా రాదు, ప్రతి కుట్టు దగ్గరా వంకర అలాగే ఉండిపోతుంది. లడీ కట్టి, తడిపి, కింద బరువు కట్టి రెండు రోజులు వేలాడదీస్తే సాగింది, పూర్తిగా కాదు. నీలం రంగు. పోయిన నెల చేరిన కొత్తమ్మాయి ఒక ఉండ పట్టుకెళ్లింది.

జమాఖర్చుల పట్టిక ఆడిటర్ సంతకంతో విడిగా పంపాం. ఎక్కువ ఖర్చు యాత్రకి, తర్వాత వెదురు సూదులకి.

వచ్చే యాత్ర కొండల వైపు. తేదీ ఇంకా వేయలేదు, కొత్త కాగితం మాత్రం గోడకి ఎక్కింది. మీ సైకిల్ తేదీలు, స్కాన్ తేదీలు ఈ నెలాఖరులోగా మాస్టారికి చెప్పండి. కీమో ఒక్క రోజు జరిగినా సరే అదే రోజు ఫోన్ చేయండి. ఆయన ఈసారి పెన్సిల్‌తో పాటు రబ్బరు కూడా తెచ్చుకున్నారు.

— కార్యదర్శి