పిల్లల తలలో పేలు, ఆదివారం అందరం ఒకేసారి

అందరికీ నమస్తే. మన బ్లాకు పిల్లల్లో పేలు మళ్లీ మొదలయ్యాయి. నిన్న మా పాప జడ విప్పితే చెవుల వెనక, మెడ పైన నువ్వుగింజ కంటే చిన్న ఈపులు కనిపించాయి, గోటితో లాగితే గానీ రాలేదు (చుండ్రైతే దులిపితే రాలిపోతుంది).

ఒక్క ఇంట్లోనే మందు రాస్తే లాభం లేదు, ఆటల్లో తలా తలా ఆనించుకుంటారు, మళ్లీ ఎక్కుతాయి. అందుకే ఆదివారం అందరం ఒకేసారి చేద్దాం.

ముందు ఇంట్లో అందరి తలలూ చూడండి, పెద్దవాళ్లవి కూడా. పేలు ఉన్నవాళ్లకే 1 శాతం పర్మెత్రిన్ లోషన్ రాసి, 10 నిమిషాలుంచి కడిగేయండి. తర్వాత తడి జుట్టును పాయలు పాయలుగా పేల దువ్వెనతో కుదుళ్ల నుంచి దువ్వి, దువ్వెనను ప్రతిసారీ తెల్ల గుడ్డకు తుడవండి. ఈపులన్నీ చావవు, వారం పది రోజుల్లో పిల్లలవుతాయి కాబట్టి 9 రోజులకు మళ్లీ రాయాలి, ఆ రోజు నేనే గుర్తుచేస్తాను.

రెండేళ్లలోపు పిల్లలకైతే డాక్టర్‌ని అడిగాకే. కిరోసిన్, పురుగుమందు వద్దే వద్దు, ప్లీజ్.

శుభ్రమైన తలకూ పేలు పడతాయి, ఏ పిల్లనీ దూరం పెట్టొద్దు.

దువ్వెన లేనివాళ్లు శుక్రవారంలోపు చెప్పండి, అందరికీ కలిపి తెప్పిస్తాను. తలలు చూశాక ఇక్కడ ‘చూశాం’ అని పెట్టండి, చాలు.