నెలనెలా కట్టినా మనవి కాని పాటలు

సంపాదకుల గారికి నమస్కారం.

పాటలు వినడానికి రికార్డు మంచిదా, సీడీ మంచిదా, ఫోన్ ఉంటే చాలదా అన్న వాదన ఎక్కడ మొదలైనా చివరికి ఏది బాగా వినిపిస్తుందన్న దగ్గరే ఆగిపోతుంది. నాకు మాత్రం అది రెండో ప్రశ్న అనిపిస్తోంది.

మొన్నామధ్య ఓ రాత్రి పడుకోబోతూ, ఫోన్‌లోని పాటల యాప్‌లో ఏళ్ల తరబడి పేర్చుకున్న ప్లేలిస్టు తెరిచాను. అందులో మూడు పాటలు బూడిదరంగులోకి మారి ఉన్నాయి. పేరు కనిపిస్తోంది, నొక్కితే పలకడం లేదు. నెలనెలా డబ్బు కడుతూనే ఉన్నాను, ఒక్క నెల ఎగ్గొట్టలేదు. మామూలుగా హక్కులున్న కంపెనీకీ యాప్ వాళ్లకీ మధ్య ఒప్పందం గడువు తీరితే ఇలా అవుతుందట, మళ్లీ కుదిరితే వస్తాయి, కుదరకపోతే అంతే సంగతులు. డౌన్‌లోడ్ చేసి పెట్టుకున్నాను కదా అనుకుంటాం గానీ ఆ డౌన్‌లోడ్ కూడా యాప్ తాళం వేసిన పెట్టెలోదే, చందా ఆపేస్తే అదీ మూగబోతుంది.

నాణ్యత సంగతి ఇక్కడే తేల్చేస్తాను. సీడీలో శబ్దాన్ని సెకనుకు 44,100 సార్లు కొలిచి ఒక్కో కొలతను 16 బిట్లలో రాస్తారు, రెండు ఛానళ్లూ కలిపితే సెకనుకు సుమారు 1,411 కిలోబిట్లు. మనిషి చెవికి 20,000 హెర్ట్జ్‌కి, అంటే సెకనుకు అన్ని కంపనాలకి, పైన ఎలాగూ వినపడదు, దానికి రెట్టింపు కన్నా ఎక్కువ సార్లు కొలిస్తే చాలు కాబట్టి ఆ లెక్క సరిపోతుంది. ఒకప్పుడు మనం చేతులు మార్చుకున్న 128 కిలోబిట్ల ఎంపీత్రీల్లో దీనిలో పదకొండో వంతే ఉండేది, వాద్యాల్లో తాళాలు మోగితే ఇసుక జల్లినట్టు వినిపించేది. ఇప్పుడు 320లో వచ్చే పాటకీ సీడీకీ తేడా చెప్పమంటే నేనైతే చెప్పలేను, చెప్పగలం అనే వాళ్లకి కూడా ఏది ఏదో తెలియనివ్వకుండా వినిపిస్తే చాలామంది తడబడతారు.

రికార్డు మీద నాకు ప్రేమే గానీ గుడ్డి ప్రేమ కాదు. అది తిరిగే వేగం మారదు, నిమిషానికి 33 చుట్ల పైచిలుకు, కానీ ముల్లు లోపలికి జరిగేకొద్దీ ఒక్కో చుట్టు పొడవు తగ్గిపోతుంది, అంటే అంతే సమయంలోని పాటని తక్కువ గాడిలో ఇరికించాలి. అందుకే ప్రతి వైపూ చివరి పాటలో 'స' పలికిన చోటల్లా కాస్త గీరినట్టు ఉంటుంది. అయినా ఇరవై నిమిషాలకోసారి లేచి తిప్పాల్సి రావడం వల్లనో ఏమో, పాట నుంచి పాటకి దూకకుండా కుదురుగా కూర్చుని వింటాను, ఫోన్‌లో నాకు అది చేతకావడం లేదు.

తేడా నిజంగా వినిపించేది ఇంకో చోట. యాప్‌లో పాత ఆల్బమ్ తీసేసి దాని బదులు 'రీమాస్టర్', అంటే అదే రికార్డింగ్‌కి శబ్దం మళ్లీ సవరించిన కూర్పు, పెడుతుంటారు, తొంభైల నుంచీ ఇలాంటి వాటిలో చాలావాటికి శబ్దం పెంచడమే పని. నెమ్మదిగా ఉండాల్సిన చోటూ గట్టిగా ఉండాల్సిన చోటూ ఒకే మట్టానికి వచ్చేస్తాయి, రాగం తీసేముందు గాయని పీల్చే ఊపిరి కూడా పల్లవి అంత గట్టిగా వినిపిస్తుంది! నా దగ్గర పాత సీడీ ఉంటే పాతదే వింటాను. యాప్‌లో ఏది ఉంచాలో వాళ్లిష్టం.

అలాగని చేతిలో ఉన్నదంతా చిరకాలం ఉంటుందనీ కాదు. ఇంట్లో రాసుకున్న సీడీల్లో పాట ఉండేది ఒక రంగు పొరలో, ఎండకీ వేడికీ అది పాడైపోతుంది, నావి ఓ డజను అలాగే పోయాయి. మెరిసే వైపు గీతలు పడకుండా జాగ్రత్తపడతాం గానీ అసలు సున్నితమైనది పేరు రాసి ఉండే వైపు, పాట పొర దానికే దగ్గర. ఇక ఇంటర్నెట్‌లో పెట్టేశాం కదా అనుకునేవాళ్లు ఒకప్పుడు జనం తమ పాటలు పెట్టుకున్న మైస్పేస్ అనే సైటు సంగతి గుర్తు తెచ్చుకోవాలి, సర్వర్లు మార్చేటప్పుడు పన్నెండేళ్ల పాటు జనం ఎక్కించిన పాటలు పోయాయని 2019లో బయటపడింది.

అందుకే నేనిప్పుడు ఏం చేస్తున్నానంటే, కొత్తవి యాప్‌లోనే వింటున్నాను, దానికి మించిన సుఖం లేదు. పోతే బాధపడతాను అనుకున్నవి మాత్రం సీడీ గానీ తాళం లేని ఫైలు గానీ కొంటున్నాను. సీడీ నుంచి ఫ్లాక్ అనే రకం ఫైల్లోకి ఎక్కిస్తే ఒక్క బిట్ కూడా పోదు, చోటు మాత్రం సగానికి అటూ ఇటూగా తగ్గుతుంది. రెండు వేర్వేరు డ్రైవుల్లో రెండు కాపీలు. ఒకటే కాపీ ఉంటే లేనట్టే లెక్క.

యాప్‌ల వాళ్లని అడిగేది ఒక్కటే. పాట తీసేసే ముందు నెల రోజులు ముందుగా ఒక కబురు పెట్టండి, కొనుక్కునేవాళ్లం ఎక్కడో ఓ చోట కొనుక్కుంటాం. కంపెనీలు కూడా పాత పాటల్ని ఫైళ్లుగా అమ్మకానికి పెడితే కొనేవాళ్లు ఉన్నారు, నేనే ఉన్నాను.

ఆ మూడింటిలో ఒకటి పాత సీడీలో దొరికింది. మిగతా రెండింటి కోసం ఇంకా వెతుకుతున్నాను.

ఇట్లు,
మీ పాఠకుడు